నాన్నకు మైలోమా, నాకు 92 కిలోలు: లాలాజలం పంపి జీన్స్ టెస్ట్ చేయించుకోవాలా?

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా.

మా నాన్నకు (68) మొన్న మార్చిలో మల్టిపుల్ మైలోమా (మూలుగలో పుట్టే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అని తేలింది. దసరా ముందు నుంచే నడుం నొప్పి అంటున్నారు. ముప్పై ఏళ్లు బ్యాంకు కుర్చీలో కూర్చున్న మనిషికి నడుం నొప్పి రాక ఏమొస్తుంది అనుకున్నాం. దగ్గర్లో చూపిస్తే కాల్షియం బిళ్లలు, నొప్పి బిళ్లలు, నడుముకు బెల్టు ఇచ్చారు. నాలుగు నెలలు ఫిజియోథెరపీ. ఈలోగా ఆయన ఏడు కిలోలు తగ్గారు. మాఘమాసంలో దిల్‌సుఖ్‌నగర్‌లో చుట్టాల పెళ్లికి వెళ్తే కనబడిన ప్రతివాళ్లూ "బావగారూ, భలే సన్నబడ్డారే, ఏం డైటు?" అనే. నాన్న కూడా మురిసిపోయి, పొద్దున్నే వాకింగ్ అని చెప్పుకున్నారు. అప్పటికే ఆయన ప్యాంటు బెల్టుకు మేకుతో రెండు బెజ్జాలు పొడిచాను. పెళ్లి నుంచి వచ్చాక మూడోది పొడిచాను. ఆ మేకు ఇంకా టీవీ స్టాండు మీదే ఉంది.

అసలు విషయానికొస్తా. ఆయన ఫిష్ (క్రోమోజోములు చూసే పరీక్ష) రిపోర్టులో "టి(4;14) పాజిటివ్" అని ఉంది. క్రోమోజోముల తేడా అట. క్రోమోజోములంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవే కదా? నాకు 41. అయిదడుగుల ఏడంగుళాలు, 92 కిలోలు, షుగర్ బోర్డర్‌లో ఉంది. లావుగా ఉన్నవాళ్లకు బ్లడ్ క్యాన్సర్లు ఎక్కువని ఎక్కడో చదివాను. మా పెద్దమ్మ కొడుకు ఒక లింక్ పంపాడు, లాలాజలం గొట్టంలో ఉమ్మి పంపితే నీకు ఏ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత శాతమో చెప్తారట. చేయించుకోమంటారా? అమ్మేమో "మీ నాన్న ఏనాడూ లావు లేరు, బరువుకీ దీనికీ ఏంటి సంబంధం" అంటుంది.

బోడుప్పల్_బావ | ఆదివారం, రాత్రి 12:20

అన్నా, ముందు నాన్నగారు ఎట్లున్నరు? ట్రీట్‌మెంట్ మొదలైందా? మిగతావి తెల్లారినంక మాట్లాడుకోవచ్చు. అర్ధరాత్రి గూగుల్ చూస్తే దగ్గు కూడా క్యాన్సరే అయితది. పడుకో.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 12:31

మొదలైంది బావా. వారానికి ఒక ఇంజెక్షన్, రోజూ బిళ్లలు. నొప్పి బాగా తగ్గింది. కూర్చుని పేపర్ చదువుతున్నారు.

ఎంఎల్‌టీ_మల్కాజిగిరి | సోమవారం, ఉదయం 6:15

పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నా. డాక్టర్‌ని కాదు, ఆ మాట ముందే చెప్తున్నా.

తమ్ముడూ, ఆ ఫిష్ రిపోర్టు పైభాగంలో శాంపిల్ అనే చోట ఏముందో చూడు. "బోన్ మ్యారో" అని ఉంటుంది. మీ నాన్నగారి తుంటి ఎముక నుంచి తీసిన మూలుగ అది. అందులో ప్లాస్మా కణాల (యాంటీబాడీలు తయారుచేసే తెల్లరక్తకణాలు, మైలోమా వచ్చేది వీటికే) క్రోమోజోములే చూశారు. నాలుగో దాని ముక్క, పద్నాలుగో దాని ముక్క ఒకదాని చోటుకి ఒకటి మారి అతుక్కున్నాయి. ఆ మార్పు జబ్బు చేసిన కణాల్లోనే ఉంది. ఆయన చర్మంలో ఉండదు, నువ్వు పుట్టడానికి కారణమైన కణంలోనూ లేదు.

ఇంకోలా చెప్తా. మీ నాన్న ఇంటి దస్తావేజుకి నకలు తీసి నీకు ఇచ్చి 41 ఏళ్లయింది అనుకో. ఆ తర్వాత ఎప్పుడో ఆయన బీరువాలో ఉన్న కాపీ మీద సిరా ఒలికింది. ఆ మరక నీ దగ్గరున్న కాపీలోకి రాదు కదా. బ్లడ్ క్యాన్సర్లలో మనం ల్యాబ్‌లో చూసే జీన్ మార్పుల్లో చాలా ఎక్కువ భాగం ఇలా తర్వాత ఒలికిన మరకలే. రిపోర్టులో "సొమాటిక్" అని ఉంటే ఇదే. పుట్టుకతో వచ్చేదాన్ని "జెర్మ్‌లైన్" అంటారు. ఈ రెండు మాటల తేడా చెప్పేవాళ్లు లేక ఎన్ని కుటుంబాలు మా కౌంటర్ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాయో నాకు తెలుసు.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | సోమవారం, ఉదయం 8:02

అక్కా, చూశాను. బోన్ మ్యారో అనే ఉంది. సగం బరువు దిగింది (నాది కాదు, గుండె మీదది). మరి మైలోమా ఉన్నవాళ్ల పిల్లలకు రెండు రెట్లు ఎక్కువ అని ఎందుకు రాస్తారు? వంశపారంపర్యం కాకపోతే రెట్టింపు ఎలా అయింది?

లెక్కల_మాస్టారు_ఉప్పల్ | సోమవారం, ఉదయం 9:40

రెట్లు అనగానే భయపడకూడదు నాయనా. దేనికి రెట్టింపు అని మొదట అడగాలి. మా టెన్త్ పిల్లలకు ఇదే మొత్తుకుంటాను.

మైలోమా మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. అంటే కోటి జనం ఉన్న మన ఊళ్లో ఏడాదికి వంద, రెండొందల కొత్త కేసులు. తండ్రికో తల్లికో తోబుట్టువుకో ఉంటే సుమారు రెండు రెట్లు. ఇద్దరు ఉన్నచోట నలుగురు. ఊబకాయం ఉంటే సన్నగా ఉన్నవాళ్లతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు. రెండూ గుణించవచ్చో లేదో అది వేరే చర్చ, మోటుగా గుణించినా లక్షకు ఆరుగురు. మిగతా 99,994 మంది సంగతి ఎవరూ రాయరు. వయసుతో ఈ అంకె పెరుగుతుంది, అరవై దాటాక ఇంకా ఎక్కువ, కాదనను.

బరువు లెక్క కూడా చెప్తా. 2008లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) అయిదు పాయింట్లు పెరిగితే మైలోమా ముప్పు దాదాపు 11 శాతం పెరుగుతుందని తేలింది. లుకేమియా (మరో రకం బ్లడ్ క్యాన్సర్) అయితే ఆడవాళ్లలో 17 శాతం, మగవాళ్లలో 8 శాతం. నీ ఎత్తుకు అయిదు పాయింట్లంటే 14 కిలోల పైచిలుకు. వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండే గ్యాస్ 14.2 కిలోలు, దాదాపు అంత. దాన్ని మోసుకుంటూ మెట్లెక్కడం వల్ల గుండెకు, మోకాళ్లకు, షుగర్‌కు జరిగే నష్టం ఈ 11 శాతం కంటే చాలా పెద్దది. బరువు తగ్గు, కానీ మైలోమా భయంతో కాదు.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కెట్ | సోమవారం, ఉదయం 11:05

మా మేనమామ 110 కిలోలు. 84 ఏళ్లు. రోజూ పాయా షోర్వా. రక్తం ఉక్కులా ఉంది. ఇవన్నీ మందులు అమ్ముకునేవాళ్ల లెక్కలు మాస్టారూ.

లెక్కల_మాస్టారు_ఉప్పల్ | సోమవారం, ఉదయం 11:12

మీ మేనమామ నా 99,994 మందిలోని వారే. నా నమస్కారాలు చెప్పండి.

తార్నాక_తాతయ్య | సోమవారం, మధ్యాహ్నం 3:30

అబ్బాయీ, నేను రిటైరై పన్నెండేళ్లయింది, జీవరసాయనం చదివినవాణ్ణి. మీ అమ్మగారి ప్రశ్న మంచిది. బరువుకీ మూలుగలో పుట్టే జబ్బుకీ ఏమిటి సంబంధం?

కొవ్వు అంటే మనం గోదాంలో బస్తాలాంటిది అనుకుంటాం. కాదు, అదొక గ్రంథిలా పని చేస్తుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతూ ఉంటుంది. మైలోమా కణాలు బతకడానికి, పెరగడానికి వాడుకునేవాటిలో ముఖ్యమైంది అదే. దీనికి తోడు లావుతో ఇన్సులిన్ పెరుగుతుంది, దాని చుట్టం ఐజీఎఫ్-1 కణాలను "విభజించు, విభజించు" అని తోస్తుంది. అడిపోనెక్టిన్ అని కొవ్వు నుంచే వచ్చే మంచి పదార్థం ఒకటుంది, విచిత్రంగా లావెక్కేకొద్దీ అది తగ్గుతుంది. పైగా మూలుగలోనే కొవ్వు కణాలు ఉంటాయి, వయసుతో పాటు అవీ పెరుగుతాయి. అంటే ఆ కణాలకు ఇరుగుపొరుగు కూడా కొవ్వే.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఈ సాక్ష్యాలన్నీ తూచి, ఒంట్లో అధిక కొవ్వుతో 13 రకాల క్యాన్సర్లకు సంబంధం ఉందని తేల్చింది. రక్తానికి సంబంధించినవాటిలో ఆ జాబితాకు ఎక్కింది మైలోమా ఒక్కటే. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అనే ఇంకో రకానికి సాక్ష్యం ఉంది కానీ పరిమితం అన్నారు. కాబట్టి "లావైతే బ్లడ్ క్యాన్సర్" అని గంపగుత్తగా అనడం తప్పు. ఏ క్యాన్సరో చెప్పాలి.

ఇక "నాన్న లావు లేరు" అన్నదానికి ఒక కథ. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ అని ఇద్దరు మిత్రులు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు, చూస్తే ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. 2004లో లాన్సెట్‌లో అచ్చయింది ఆ ఫొటో. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే బరువెక్కువ కింద, 25 దాటితే ఊబకాయం కింద లెక్క వేస్తారు. నీది 31.8 వస్తోంది. బట్టలు కుట్టే టేపు తీసుకుని పొట్ట కొలుచుకో. ఊపిరి వదిలి కొలవాలి, బిగబట్టి కాదు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | సోమవారం, సాయంత్రం 4:10

108. బిగబట్టినా 104.

కాచిగూడ_కుసుమ | సోమవారం, రాత్రి 9:25

నేను పేషెంట్‌ని. సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే ఒక రకం లుకేమియా), తొమ్మిదేళ్లు అయింది. మల్కాజిగిరి అక్క చెప్పిన మరక నాకూ ఉంది, దాని పేరు ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. పేరు వినగానే ఏదో అమెరికా జబ్బు అంటుకుంది అనుకుంది మా అత్తగారు. 1960లో ఆ ఊళ్లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు మైక్రోస్కోపులో దాన్ని చూశారు కాబట్టి ఆ పేరు, అంతే. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల అది పుడుతుందని 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ కనిపెట్టింది. అది నా తల్లి నుంచి రాలేదు, నా ఇద్దరు పిల్లలకూ పోలేదు. ఈ మాట డాక్టరమ్మ మూడుసార్లు చెప్తే గానీ నాకు ఎక్కలేదు.

ఇంకో మాట. ఆ మరకను గురిపెట్టి కొట్టే బిళ్ల ఇమాటినిబ్ అమెరికాలో 2001లో వచ్చింది. ఒక్క నెలకు లక్ష దాటేది. మన హైదరాబాద్ నాట్కో వాళ్లు 2003లో వీనాట్ అని తక్కువ ధరకు తెచ్చారు. పేటెంట్ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, 2013 ఏప్రిల్ 1న అసలు మందు తెచ్చిన విదేశీ కంపెనీ నోవార్టిస్ ఓడిపోయింది. ఆ రోజు నాకింకా జబ్బు తెలీదు, పేపర్లో చదివి పేజీ తిప్పేశాను. ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆ బిళ్ల వేసుకుంటాను.

బరువు గురించి: నేను లావు అవ్వలేదు, నీరు పట్టింది. పొద్దున లేస్తే కనురెప్పలు ఇడ్లీల్లా ఉబ్బి ఉంటాయి. "బాగా ఒళ్లొచ్చిందే, జబ్బు తగ్గినట్టుంది" అంటారు చూసినవాళ్లు. నిజాంపేట తమ్ముడి నాన్నగారిని సన్నబడ్డారని మెచ్చుకున్నట్టే ఇదీను. ఒళ్లు చూసి లోపల సంగతి చెప్పే విద్య మన చుట్టాలకు రాదు, కానీ ఎవరూ మానరు.

ఇరానీచాయ్_ఉస్మానియాబిస్కెట్ | సోమవారం, రాత్రి 9:48

అక్కా, మీ పోస్టు చదివి పొద్దున రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటి మాత్రం, ఆ విదేశీ కంపెనీ చాలామందికి ఆ మందు ఉచితంగా కూడా ఇచ్చింది, మా ఆఫీసు ప్యూన్‌కి వచ్చేది. అది కూడా చెప్పాలి కదా.

కాచిగూడ_కుసుమ | సోమవారం, రాత్రి 9:55

చెప్పాలి. నిజమే.

ప్రకృతి_మార్గం | సోమవారం, రాత్రి 10:30

ఇవన్నీ ఎందుకండీ. తిప్పతీగ, బొప్పాయి ఆకు రసం పరగడుపున 48 రోజులు. చక్కెర పూర్తిగా బంద్. క్యాన్సర్ కణం ఆకలితో చస్తుంది. నంబర్ ఇన్‌బాక్స్‌లో ఇస్తాను.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:41

నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ కుదరదు. చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఏ రసమూ మొదలుపెట్టవద్దు. తదుపరి ఇలాంటి పోస్టు తీసేస్తాం.

కూకట్‌పల్లి_అక్క | మంగళవారం, ఉదయం 7:50

అందరూ లెక్కలు బాగా చెప్పారు. నాకు మాత్రం ఈ చర్చ మొదలైనప్పటి నుంచి మంటగా ఉంది.

మా చెల్లికి ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం లుకేమియా). 36 ఏళ్లు. 80 కిలోలు ఉండేది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికొచ్చిన మా పిన్ని వరండాలో నిలబడి "తిని తిని తెచ్చుకుంది" అంది. తలుపు తీసే ఉంది. చెల్లి విన్నది. ఆ రోజు తెచ్చిన ఇడ్లీ ముట్టుకోలేదు, మర్నాడూ ముట్టుకోలేదు. కీమోలో ఉన్న పిల్ల. అది పోయి రెండేళ్లయినా ఆ మాట నా చెవిలో అలాగే ఉంది.

మీరు 11 శాతం, 17 శాతం అంటున్నారు. బయట జనానికి అది "వాళ్ల తప్పే" అని వినిపిస్తుంది. కొంచెం చూసుకుని రాయండి.

లెక్కల_మాస్టారు_ఉప్పల్ | మంగళవారం, ఉదయం 8:30

అమ్మా, క్షమించు. గుంపు లెక్కతో ఒక మనిషిని నిలదీయకూడదన్నది నేను రాయాల్సింది, రాయలేదు. నీ చెల్లికి జబ్బు ఎందుకు వచ్చిందో ఆ శాతాలు చెప్పలేవు.

పీజీ_రెసిడెంట్ | మంగళవారం, రాత్రి 11:20

డ్యూటీ దిగి చదివాను. హెమటాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. ఎవరి కేసు మీదా సలహా ఇవ్వను, మామూలు విషయాలు చెప్తాను.

కూకట్‌పల్లి అక్కా, బరువు కూడా కొంతవరకు జీన్స్‌లోదే. 2007లో ఎఫ్‌టీఓ అనే జీన్‌లో ఒక తేడా బయటపడింది. అది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చినవాళ్లు, అసలు రానివాళ్ల కంటే సగటున మూడు కిలోలు ఎక్కువ ఉంటారు. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. "తిని తెచ్చుకుంది" అనేవాళ్లకు ఇది తెలియదు. (తమాషా ఏమిటంటే అదే ఎఫ్‌టీఓ కొన్ని రకాల ఏఎంఎల్ కణాల్లో అతిగా పని చేస్తుందని 2017లో తేలింది. కానీ అది జబ్బు కణం లోపల జరిగే వేరే వ్యవహారం, బొజ్జతో ముడిపెట్టకండి.)

పుట్టుకతో వచ్చే ఈ బరువు జీన్స్‌ని వాడుకుని, బరువే కారణమా లేక పక్కనే ఉన్న ఇంకేదో కారణమా అని తేల్చే పద్ధతి ఒకటుంది. జీన్స్ పంపకం లాటరీ లాంటిది కాబట్టి తిండి, డబ్బు, సిగరెట్ లాంటివి లెక్కలో కలగాపులగం కావు. మైలోమా విషయంలో ఆ పద్ధతిలో చేసిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. మామూలు అధ్యయనాల్లో సంబంధం గట్టిగా ఉంది, ఇందులో అటూ ఇటూగా ఉంది. నా ఉద్దేశంలో బరువు నిప్పు కాదు, గాలి. ఎంజీయూఎస్ అనే ముందు దశ ఉన్నవాళ్లలో, బరువెక్కువ ఉన్నవాళ్లకు అది మైలోమాగా ముదిరే అవకాశం ఎక్కువని అమెరికా మాజీ సైనికుల మీద 2017లో వచ్చిన అధ్యయనం కూడా ఆ వైపే చూపిస్తుంది.

లాలాజలం కిట్ సంగతి. మైలోమా ముప్పును కొద్దికొద్దిగా పెంచే చోట్లు మన జీనోమ్‌లో ఇరవైకి పైగా దొరికాయి. ఒక్కోటి చిటికెడంత. అన్నీ కూడి వచ్చే స్కోరుతో మీరుగానీ మీ డాక్టరుగానీ చేసే పని ఏదీ మారదు. పైగా ఆ లెక్కల్లో ఎక్కువ భాగం యూరప్ జనాల మీద కట్టినవి. డబ్బు దండగ.

జెర్మ్‌లైన్ పరీక్ష అవసరమయ్యే ఇళ్లు లేవా అంటే ఉన్నాయి, కొన్ని. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఏఎంఎల్ లేదా ఎండీఎస్ (మూలుగ రక్తకణాలను సరిగా తయారుచేయని జబ్బు) రావడం, తరతరాలుగా ప్లేట్‌లెట్లు తక్కువ ఉండటం, చాలా చిన్న వయసులో రావడం. అప్పుడు రన్‌ఎక్స్1, గాటా2, డీడీఎక్స్41 లాంటి జీన్స్ చూస్తాం. అన్నదమ్ముల మూలుగ ఎక్కించే ముందు ఇది మరీ ముఖ్యం, ఇచ్చేవాడిలోనూ అదే లోపం ఉంటే? ఆ పరీక్షకు రక్తం గానీ లాలాజలం గానీ పనికిరావు, రెండింట్లోనూ జబ్బు కణాలు కలిసి ఉంటాయి. తొడ మీదో చేతి మీదో చిన్న చర్మం ముక్క తీసి కణాలు పెంచి చూస్తారు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ముందు అక్కడ కౌన్సెలింగ్, ఆ తర్వాతే పరీక్ష. కుటుంబంలో వచ్చే ముప్పు అన్నిటికంటే ఎక్కువ కనిపించేది సీఎల్‌ఎల్ అనే మరో రకం లుకేమియాలో, దగ్గరి బంధువులకు ఎనిమిది రెట్ల దాకా. అదేమో పాశ్చాత్యులతో పోలిస్తే మన దగ్గర చాలా అరుదు.

ఇంట్లో ఉన్న పాత రిపోర్టుల్లో చూడగలిగింది ఒకటి చెప్తా. టోటల్ ప్రోటీన్ ఎక్కువ, అల్బుమిన్ మామూలు లేదా తక్కువ, ఏ/జీ రేషియో (అల్బుమిన్‌కీ గ్లోబ్యులిన్ అనే ఇంకో ప్రోటీన్‌కీ నిష్పత్తి) తలకిందులు. దాంతో పాటు హిమోగ్లోబిన్ తగ్గడం, ఈఎస్ఆర్ బాగా ఎక్కువ, ఎంతకీ తగ్గని నడుం నొప్పి. ఇవి కలిసి ఉంటే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరసిస్ (రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష) చేయమని డాక్టర్‌ని అడగండి. అలాంటి మనిషికి నొప్పి బిళ్లలు నెలల తరబడి పడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | మంగళవారం, రాత్రి 11:58

డాక్టర్‌గారూ, ఇప్పుడే ఫైలు తీశాను. నవంబర్ నాటి రిపోర్టు. టోటల్ ప్రోటీన్ 9.8, అల్బుమిన్ 3.1. పక్కన చిన్న బాణం గుర్తు కూడా ఉంది. ఆ కాగితం మీదే మేం పాలవాడి లెక్క రాసుకున్నాం.

ఎంఎల్‌టీ_మల్కాజిగిరి | బుధవారం, ఉదయం 6:05

ఆ బాణాలు మేం వేసినవే తమ్ముడూ. రోజుకు ఎన్ని వేస్తామో, ఎన్ని చూస్తారో. నిన్ను నువ్వు తిట్టుకోకు, చదవాల్సింది నువ్వు కాదు.

సైదాబాద్_శాంత | బుధవారం, మధ్యాహ్నం 1:15

మాది మేనరికం. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. పాపకు ఆరేళ్లు. మేనరికం పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ ఎక్కువ వస్తుందని మా పక్కింటావిడ అంది. అప్పటి నుంచి పాపకి జ్వరం వస్తే నాకు గుండె దడ. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పీజీ_రెసిడెంట్ | బుధవారం, రాత్రి 10:05

శాంతగారూ, పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా ఏఎల్ఎల్. అది మేనరికం జబ్బు కాదు. అందులో కొన్ని రకాలకు మొదటి మార్పు బిడ్డ కడుపులో ఉండగానే జరుగుతుంది, అయినా అది తల్లిదండ్రులు ఇచ్చింది కాదు. అలాంటి మార్పుతో పుట్టిన పిల్లల్లో అత్యధికులకు జబ్బు రానే రాదు.

మేనరికంతో పెరిగేవి వేరు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ పాడైన జీన్స్ కలిస్తేనే వచ్చే జబ్బులు. వాటిలో ఫాంకోని ఎనీమియా అని ఒకటుంది, దానివల్ల ఏఎంఎల్ వచ్చే ముప్పు ఉంది. చాలా అరుదు. బొటనవేలు సరిగా లేకపోవడం, ఎదుగుదల బాగా తక్కువ ఉండటం, ఒంటి మీద టీ రంగు మచ్చలు, రక్తకణాలు అన్నీ తగ్గిపోవడం లాంటివి అందులో కనిపిస్తాయి. పాప బాగా ఎదుగుతూ ఉండి, మామూలు రక్తపరీక్ష బాగుంటే దిగులు పెట్టుకోకండి. ఈసారి పిల్లల డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు మేనరికం అని ఆయనతో చెప్పండి, చాలు. ఆరేళ్ల పిల్లకు జ్వరాలు రావడం మామూలే.

సైదాబాద్_శాంత | బుధవారం, రాత్రి 10:20

బొటనవేళ్లు రెండూ చూశాను. బాగున్నాయి. చాలా థాంక్స్ అండి.

తార్నాక_తాతయ్య | గురువారం, ఉదయం 7:00

నిజాంపేట అబ్బాయికి ఇంకో మాట. బరువు తగ్గమన్నది నీకు. మీ నాన్నగారికి కాదు. చికిత్సలో ఉన్న మనిషి చేత నూనె మాన్పించి, గుడ్డు మాన్పించి, క్యాన్సర్ డైటని జావలు తాగించే ఇళ్లు చూశాను. కిడ్నీ డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఆయనకు పప్పు, గుడ్డు, పెరుగు బాగా పడాలి. ఆ బెల్టు మళ్లీ పాత బెజ్జానికి రావాలి.

నిజాంపేట_నైట్‌షిఫ్ట్ | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:45

అప్‌డేట్ ఇస్తున్నా.

కిట్ కొనలేదు. నాన్న డాక్టర్‌ని అడిగితే "ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయడం రొటీన్ కాదు, మీ టెన్షన్ తీరాలంటే ఒక్కసారి ఎలక్ట్రోఫోరసిస్ చేయించుకోండి" అన్నారు. చేయించుకున్నా. నాకు ఏమీ లేదు. ఎం-బ్యాండ్ (ఒకే రకం ప్రోటీన్ గుంపుగా ఉందని చెప్పే గుర్తు) కనబడలేదు అని ఒక్క వాక్యం, ఆ కాగితం మీద పాల లెక్క రాయలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మాతో పాటు సరదాగా వచ్చిన మా బాబాయి (నాన్న తమ్ముడు, 61 ఏళ్లు, 58 కిలోలు, మా వంశంలో అందరికంటే సన్నం, పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తాడు) "నాదీ తీయండి" అని చెయ్యి చాపాడు. ఆయనకు ఎం-బ్యాండ్ ఉంది. 0.4 గ్రాములు, ఐజీజీ (యాంటీబాడీల్లో ఒకటి) రకం. హిమోగ్లోబిన్ 13.8, కాల్షియం, క్రియాటినిన్, లైట్ చెయిన్ రేషియో (యాంటీబాడీ ముక్కల నిష్పత్తి) అన్నీ మామూలే. ఇది ఎంజీయూఎస్, జబ్బు కాదు, యాభై దాటినవాళ్లలో నూటికి ముగ్గురికి ఉంటుంది, ఏడాదికి నూటికి ఒకరికి మాత్రమే ముదురుతుంది, మీది అందులోనూ తక్కువ ముప్పు రకం అని డాక్టర్ చెప్పారు. మూలుగ పరీక్ష కూడా ఇప్పుడు అక్కర్లేదన్నారు. ఆరు నెలలకు ఒకసారి చూసి, మారకపోతే రెండు మూడేళ్లకు ఒకసారి.

పిన్ని రెండు రోజులు ఏడ్చింది. బాబాయి మాత్రం "108 సెంటీమీటర్ల వాడికి లేదట, నాకుందట" అని అందరికీ ఫోన్ చేసి చెప్తున్నాడు. నేను 89.6 కిలోలకి వచ్చాను. నాన్న బెల్టు రెండో బెజ్జం దాకా వచ్చింది.

ఒక డౌట్. ఆరు నెలల తర్వాత బాబాయి మళ్లీ టెస్ట్‌కి వెళ్లేటప్పుడు పరగడుపున వెళ్లాలా? వాళ్ల ఇంటి దగ్గర కొత్త ల్యాబ్ పెట్టారు, సగం ధరకే చేస్తామంటున్నారు, అక్కడ ఇవ్వొచ్చా?

ఎంఎల్‌టీ_మల్కాజిగిరి | ఆదివారం, ఉదయం 6:10

ఈ ఒక్క పరీక్షకైతే పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తిని రమ్మను. ల్యాబ్ మాత్రం మార్చొద్దు తమ్ముడూ. ఒక్కో ల్యాబ్ మిషన్‌లో 0.4 ఒక్కోలా వస్తుంది, 0.6 అని వస్తే మీ పిన్ని మళ్లీ రెండు రోజులు ఏడుస్తుంది. మొదట ఎక్కడ ఇచ్చారో అక్కడే ఇవ్వండి, పాత రిపోర్టు చేతిలో పట్టుకెళ్లండి. పాలవాడి లెక్కకు ఒక నోటుబుక్కు కొనండి.